కారుకు తగిన ఇంజిన్ ఆయిల్ ఎంపిక: భివండి నుండి సరిహద్దు పల్లెల దాకా

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన భివండి పట్టణం మరమగ్గాలకు పేరుపొందినది. తెలంగాణ జిల్లాల నుండి నేత కుటుంబాలు దశాబ్దాల క్రితమే అక్కడికి వలస వెళ్ళి స్థిరపడ్డాయి. పద్మనగర్ తెలుగువారి నివాసంగా గుర్తింపు పొందగా, గైబీ నగర్ వంటి బస్తీలలో సాంచల నడుమనే జనజీవనం సాగుతున్నది. ఈ కుటుంబాలకు, సరిహద్దు పల్లెలలోని వారి బంధువర్గానికి మధ్య రాకపోకలు ఎన్నడూ ఆగలేదు. ఒకప్పుడు బస్సులు, రైళ్ళపై ఆధారపడిన ఈ ప్రయాణాలు నేడు చాలావరకు సొంత కార్లలోను, అద్దె కార్లలోను జరుగుతున్నాయి.

భివండి నుండి కళ్యాణ్, మాళ్శేజ్ ఘాట్, అహిల్యానగర్, పర్భణీ, నాందేడ్, భోకర్, భైంసాల మీదుగా నిర్మల్ చేరే 61వ జాతీయ రహదారిపై దూరం ఇంచుమించు 600 కిలోమీటర్లు. బతుకమ్మకో, పెళ్ళికో, చావు కబురు అందినప్పుడో ఇంటిల్లిపాదీ ఒకే కారులో బయలుదేరతారు. ఘాట్ ఎక్కే వేళ ఇంజిన్ పట్టేసినచో ప్రయాణం ఆగిపోవుటయే కాదు, ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము కూడా మరమ్మతుకే పోతుంది. మామూలు వాహన బీమాలో ప్రమాద నష్టానికే గాని, ఆయిల్ లోపం వలన ఇంజిన్ చెడిపోయినందుకు పరిహారం లభించదు. కనుక ఇంజిన్ ఆయిల్ ఎంపికను దుకాణదారునికో, మెకానిక్కుకో పూర్తిగా వదిలివేయక, ఇంటివారు కూడా కొంత తెలిసి ఉండుట మేలు.

సాంచ నూనె వేరు, ఇంజిన్ ఆయిల్ వేరు

మగ్గం పని తెలిసినవారికి నూనె విలువ చెప్పనవసరం లేదు. సాంచకు వేసే నూనె పని ముఖ్యంగా రాపిడిని తగ్గించుట. ఇంజిన్ ఆయిల్ పని అంతటితో తీరదు. అది పిస్టన్ల వేడిని మోసుకుపోవాలి, మసిని తనలో కలుపుకొని అడుగున పేరుకోకుండా చూడాలి, ఇంధనం మండగా పుట్టే ఆమ్లాలను విరచాలి, తుప్పును ఆపాలి, పిస్టన్ రింగులకు సిలిండరు గోడకు మధ్య సందును మూయాలి. ఇందుకోసం మూల నూనెలో అనేక రసాయనాలు కలుపుతారు. ఇంట్లో సాంచల కోసం ఉంచిన నూనె చూపుకు ఎంత శుభ్రంగా ఉన్నా, కారు ఇంజిన్‌లో పోయరాదు. గేరు ఆయిల్, బ్రేక్ ఆయిల్ విషయంలోనూ ఇదే నియమం.

డబ్బాపై అంకెల భావం

డబ్బాపై 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 వంటి గుర్తులుంటాయి. ఇవి ఎస్.ఏ.ఇ. అనే ఇంజినీర్ల సంస్థ నిర్ణయించిన చిక్కదనపు శ్రేణులు. బెల్లం పాకం వేడిగా ఉన్నప్పుడు పలుచగా జారి, చల్లారిన కొద్దీ చిక్కబడినట్లే నూనె కూడా ప్రవర్తిస్తుంది. డబ్ల్యూ అక్షరం వింటర్, అనగా చలికాలానికి సంకేతం. దాని ముందున్న అంకె చలిలో నూనె ఎంత సులువుగా పారగలదో చెబుతుంది. ఆ అంకె ఎంత తక్కువైతే అంత ఎక్కువ చలిలో ఇంజిన్ కదలగలదు. రెండవ అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో నూనె నిలుపుకొనే చిక్కదనాన్ని తెలుపుతుంది. 30 కంటే 40 చిక్కన, 40 కంటే 50 చిక్కన.

మన ప్రాంతంలో ఎండలు ఎక్కువ కనుక ఎంత చిక్కటి ఆయిల్ పోస్తే అంత మంచిదనే అభిప్రాయం బలంగా ఉన్నది. పాతకాలపు ఇంజిన్లకు 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వాడిన అలవాటు దీనికి మూలం. నేటి ఇంజిన్లలో లోహ భాగాల మధ్య సందులు ఇరుకైనవి. వాల్వులు తెరుచుకొనే సమయాన్ని మార్చే యంత్రాంగం కూడా అనేక కార్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 కోసం రూపొందిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే ఉదయం స్టార్టు చేసిన వెంటనే పై భాగాలకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది, మైలేజీ తగ్గుతుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద భాగం ఈ తొలి క్షణాలలోనే జరుగుతుంది. బయట ఎండ 42 డిగ్రీలున్నా, 32 డిగ్రీలున్నా, నడుస్తున్న ఇంజిన్‌లోని వేడిని శీతలీకరణ వ్యవస్థ దాదాపు ఒకే స్థాయిలో ఉంచుతుందని గుర్తించాలి.

ఇందుకు విరుద్ధంగా, 15డబ్ల్యూ-40 కోరే పాత డీజిల్ ఇంజిన్‌లో మైలేజీ ఆశతో 0డబ్ల్యూ-20 పోయుట కూడా ప్రమాదకరమే. వేడెక్కినప్పుడు బేరింగుల వద్ద నూనె పొర పలుచబడి లోహానికి లోహం తగులుతుంది. కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో ఏ శ్రేణి వ్రాసి ఉన్నదో అదే మొదటి ప్రమాణం. కొన్ని పుస్తకాలలో వాతావరణాన్ని బట్టి రెండు మూడు శ్రేణుల పట్టిక ఇస్తారు. వేసవి ప్రయాణాలు, పూర్తి బరువు, ఘాట్ రోడ్లు ఉన్నవారు ఆ పట్టిక లోపలనే కాస్త చిక్కటి శ్రేణిని ఎంచుకోవచ్చును.

నాణ్యతను తెలిపే అక్షరాలు

చిక్కదనం ఒక్కటే చాలదు. అమెరికా పెట్రోలియం సంస్థ, అనగా ఏ.పీ.ఐ., నాణ్యతకు అక్షరాలతో తరగతులు ఏర్పరచింది. పెట్రోల్ ఇంజిన్లకు ఎస్ అక్షరంతో మొదలయ్యే తరగతులు వర్తిస్తాయి. 2001లో ఎస్ఎల్, 2004లో ఎస్ఎమ్, 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. రెండవ అక్షరం ముందుకు సాగిన కొద్దీ ప్రమాణం కొత్తది. పుస్తకంలో ఎస్ఎన్ అని ఉంటే ఎస్‌పీ వాడవచ్చును గాని, ఎస్‌పీ కోరే కారుకు ఎస్ఎల్ వాడరాదు. టర్బో పెట్రోల్ ఇంజిన్లలో తక్కువ వేగాన అకాలంగా ఇంధనం అంటుకొని పిస్టన్లు పగిలే సమస్యను తగ్గించుటకు ఎస్‌పీ తరగతిలో ప్రత్యేక పరీక్షలు చేర్చారు.

డీజిల్ తరగతులు సీ అక్షరంతో మొదలవుతాయి. సీహెచ్-4, సీఐ-4, సీజే-4, సీకే-4 అనునవి వరుసగా వచ్చిన ప్రమాణాలు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత డీజిల్ కార్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు అమర్చుతున్నారు. మామూలు ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద ఈ ఫిల్టరును మూసివేస్తుంది. అందువలన ఇటువంటి కార్లకు తక్కువ బూడిదనిచ్చే ఆయిల్ తప్పనిసరి. ఏసీఈఏ సీ3 వంటి ఐరోపా గుర్తు యజమాని పుస్తకంలో ఉంటే, డబ్బాపైన కూడా అదే గుర్తును వెదకాలి.

మోటారు సైకిళ్ళకు జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు గల ఆయిల్ వాడాలి. వాటిలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లోని జారుడు పెంచే రసాయనాల వలన ఆ క్లచ్ పట్టు తప్పుతుంది. కారుకు పోయగా మిగిలిన ఆయిల్‌ను బైకుకు పోసే అలవాటు మానుకోవాలి.

ఖనిజ నూనె, సింథటిక్ నూనె

ముడి చమురును శుద్ధిచేసి తీసినది ఖనిజ నూనె. రసాయన ప్రక్రియలతో మరింత ఏకరీతిగా తయారైనది సింథటిక్. రెంటి మిశ్రమమే సెమీ సింథటిక్. సింథటిక్ ఆయిల్ అధిక వేడిలో త్వరగా గడ్డకట్టదు, చలిలో త్వరగా పారుతుంది. 0డబ్ల్యూ, 5డబ్ల్యూ శ్రేణులు ఎక్కువగా ఈ జాతివే. పుస్తకం ఖనిజ నూనెను అనుమతించిన పాత కారుకు ఖరీదైన సింథటిక్ తప్పనిసరి కాదు. తక్కువ నూనెను సకాలంలో మార్చుట, ఖరీదైన నూనెను కాలం మించి వాడుట కన్నా ఉత్తమం. దారిలో మట్టం తగ్గినప్పుడు అదే శ్రేణికి చెందిన మరొక కంపెనీ ఆయిల్ కలుపుట వలన హాని లేదు. ఆయిల్ లేకుండా నడుపుట కంటే ఏ ఇంజిన్ ఆయిల్ అయినా మేలే. ఊరు చేరిన పిదప మొత్తం మార్పించుకోవచ్చును.

దూది ధూళి, సీఎన్‌జీ, గుంతల రోడ్లు

మరమగ్గాల బస్తీలలో గాలిలో దూది పోగులు తేలుతుంటాయి. ఇవి ఎయిర్ ఫిల్టరుపైన, రేడియేటరు రెక్కల నడుమ పేరుకుంటాయి. రేడియేటరు మూసుకుంటే ఇంజిన్ వేడెక్కి ఆయిల్ త్వరగా చెడుతుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారి ఆయిల్ ఫిల్టరు మార్చుట, ఎయిర్ ఫిల్టరు చూచుకొనుట, రేడియేటరును శుభ్రం చేయించుట అక్కడివారికి మరింత అవసరం.

సీఎన్‌జీ కార్లలో మసి తక్కువ కనుక ఆయిల్ చాలాకాలం తేటగా కనిపిస్తుంది. రంగు బాగున్నదని గడువు దాటించరాదు, లోపల రసాయనాలు క్షీణించే ఉంటాయి. డీజిల్ కారులో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసిని పట్టి ఉంచుతున్నదనుటకు గుర్తే గాని, నాసిరకమని కాదు. కనుక రంగును చూచి కాక, కిలోమీటర్లను, నెలలను చూచి నిర్ణయించాలి.

ఎప్పుడు మార్చాలి

అనేక కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, వీటిలో ఏది ముందైతే అది గడువు. ఉదాహరణకు ఒక కుటుంబం పట్టణంలో నెలకు 300 కిలోమీటర్లు తిరిగి, సంవత్సరంలో రెండుమార్లు 1,200 కిలోమీటర్ల రానుపోను ప్రయాణం చేసిందనుకుందాం. మొత్తం 6,000 కిలోమీటర్లే. అయినను 12 నెలలు నిండగానే ఆయిల్ మార్చాలి. ధూళి, ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి నడుచుట, రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు ఎక్కువగా ఉన్నచోట యజమాని పుస్తకాలు ఇంకా తక్కువ గడువును సూచిస్తాయి. దూర ప్రయాణం మధ్యలో గడువు ముగిసేటట్లుంటే బయలుదేరే ముందే మార్పించుట మంచిది.

మట్టం చూచే పద్ధతి

కారును సమతలంపై నిలిపి, ఇంజిన్ ఆపి, పది నిమిషాలు వేచి ఉండాలి. కొలపుల్లను తీసి గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి తీయాలి. తడి రెండు గీతల నడుమ ఉండాలి. క్రింది గీతకు తగ్గితే కొద్దికొద్దిగా పోసి మరల చూడాలి. పై గీత దాటరాదు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది, నురుగు లోహాన్ని కాపాడదు. నెలకొకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పక ఈ పరీక్ష చేయాలి. ఆయిల్ మజ్జిగ రంగుకు మారితే కూలెంట్ లేక నీరు కలిసినదని అర్థం. డీజిల్ కారులో మట్టం దానంతటదే పెరిగితే ఇంధనం కలుస్తున్నదని అనుమానించాలి. ఈ రెంటిలో ఏది కనిపించినా ప్రయాణం మానుకొని మెకానిక్కుకు చూపాలి.

నడుపుచుండగా నూనె డబ్బా ఆకారంలో ఎర్ర దీపం వెలిగితే, తరువాతి ఊరు వరకు పోదామనే ఆలోచన కూడదు. వెంటనే ప్రక్కకు నిలిపి ఇంజిన్ ఆపాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా కొద్ది నిమిషాలు నడిచినా బేరింగులు పట్టేస్తాయి. వానాకాలంలో నీట మునిగిన కారును స్టార్టు చేయుటకు ప్రయత్నించరాదు. లోనికి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

నకిలీని గుర్తించుట, పాత ఆయిల్‌ను వదిలించుకొనుట

వాడిన ఆయిల్‌ను వడగట్టి పాత డబ్బాలలో నింపి అమ్మే మోసం అనేక పట్టణాలలో ఉన్నది. మూత సీలు చెదరకుండా ఉన్నదా, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ స్పష్టంగా ఉన్నవా అని చూడాలి. ధర మరీ తక్కువైతే సందేహించాలి. పెట్రోల్ బంకు లేదా అధీకృత దుకాణంలో రసీదుతో కొనాలి. గ్యారేజీలో డబ్బా మూతను యజమాని ఎదుటే తెరిపించాలి. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పారవేస్తే మరొకరు దానిని నింపి అమ్మలేరు. రసీదులను దాచిన యెడల వారంటీ వివాదం వచ్చినప్పుడు అవే ఆధారం.

తీసిన పాత ఆయిల్ ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని మురికి కాలువలో పోసినా, పల్లెలో కట్టెలకు చెదలు పట్టకుండా పూసినా, పొయ్యి మంటకు వాడినా అందులోని లోహాలు నీటిలోకి, ఊపిరిలోకి చేరుతాయి. మూత గల డబ్బాలో పట్టి గ్యారేజీకి లేదా అధీకృత సేకరణదారునికి ఇవ్వాలి. వాడిన ఆయిల్ సేకరణ, శుద్ధి బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచే నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి.

గుర్తుంచుకోవలసినవి

యజమాని పుస్తకంలోని మూడు వివరాలను, అనగా చిక్కదనపు శ్రేణిని, నాణ్యతా తరగతిని, పట్టే పరిమాణాన్ని ఒక చీటీపై వ్రాసి కారులో ఉంచుకోవాలి. పుస్తకం మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉన్నచో ఇంట చదువుకున్న పిల్లలచేత వ్రాయించుకోవచ్చును. ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల అంకె కూడా అదే చీటీపై చేర్చాలి. దూర ప్రయాణానికి అదే శ్రేణి ఆయిల్ ఒక లీటరు సీలు విప్పని డబ్బా వెంట తీసుకుపోవాలి. నాందేడ్‌లోనో, భైంసాలోనో తెలియని దుకాణం ముందు నిలిచినప్పుడు ఆ చీటీని చూపి అడిగినవారికి తగిన ఆయిల్ దొరుకుట సులభమవుతుంది.