ఒక నోటినుండి ఆరు నోళ్లకు



రాజవంశములకు వలెనే పనిముట్లకును చరిత్ర కలదు. ధ్వనిని పలికించు స్పీకరు చరిత్రను చూడగా నాకొక విషయము తోచినది. క్రొత్త సౌకర్యము కలిగినప్పుడెల్ల దానితోపాటు క్రొత్త దోషమును పుట్టినది. ఆ దోషము నెఱుగనివారు యంత్రమును విడిచి మనుష్యుని శంకింతురు. అట్టి భ్రమ మా యింటనే కలిగినది. దానిని తుదను చెప్పెదను.

స్పీకరు నిర్మాణము కడు స్వల్పము. ఒక అయస్కాంతము, దాని సందున ఆడు సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన కాగితపు గరాటు. విద్యుత్తు మాఱినకొలది చుట్ట ముందు వెనుకలకు కదలును. గరాటు గాలిని త్రోయును. అదియే మనకు ధ్వని. 1915లో అమెరికాలో జెన్సెన్, ప్రిడామ్ అను నిరువురు ఇట్టి కదలు చుట్టకు బూర తగిలించి బహిరంగసభలో వినిపించిరి. 1925లో రైస్, కెల్లాగ్ అనువారు బూర లేకయే కాగితపు గరాటుతో పలుకు రూపమును ప్రకటించిరి. నూఱేండ్లు గడచినను నేటి స్పీకర్లలో అధికభాగము ఆ వంశములోనివే.

మన సీమలో నిజాము ప్రభుత్వము 1935లో హైదరాబాదు రేడియోను తన యధీనములోనికి తెచ్చుకొనెను. 1948 సెప్టెంబరులో సైనికచర్య ముగిసినపుడు నిజాము ప్రభువు ప్రజలతో మాటలాడినది రేడియో ద్వారముననే. 1950 ఏప్రిలు 1వ తేదీన ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో కలిసినది. నా బాల్యమున మా వేములపల్లిలో పంచాయతీ రేడియోకు ఒక బూర యుండెడిది. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన వార్తను పెద్దలు దాని క్రింద నిలిచి వినుచుండగా నేనును వింటిని. ఆ బూరకు నోరు ఒక్కటే. పలికిన పలుకును, లేకున్న ఊరకుండును. వానకు తడిసిన దినమున గరగరలాడును. దోషము దాగుటకు అందు చోటు లేదు.

తరువాత నోళ్లు రెండైనవి. సినిమాలో పాత్ర తెరమీద ఒక దిక్కున నుండగా కంఠము వేఱొక దిక్కునుండి వచ్చుట బ్లమ్‌లీన్ అను ఆంగ్లేయ ఇంజనీరునకు నచ్చలేదు. 1931లో ఆయన రెండు మార్గముల ధ్వనికి పేటెంటు కోరెను. దానితో మునుపు లేని దోషము పుట్టినది. రెండు స్పీకర్లలో ఒకదాని తీగలు తాఱుమాఱైనచో ఒక గరాటు ముందుకు పోవునప్పుడు రెండవది వెనుకకు పోవును. రెండును పలుకుచునే యుండును గాని మద్దెలలోని గంభీరనాదము క్షీణించును. పాట ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియదు. పరీక్ష సులభము. ఆంప్లిఫయరునుండి తీగలు విడదీసి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని స్పీకరు తీగలకు క్షణకాలము తాకింపవలెను. ధనధ్రువము ధనస్థానమునకు తాకినపుడు సామాన్యముగా గరాటు ముందుకు రావలెను.

పిమ్మట నోళ్లు అనేకములైనవి. 1940లో డిస్నీవారి 'ఫాంటేసియా' చిత్రమునకు కొన్ని హాళ్లలో ప్రేక్షకుల చుట్టును స్పీకర్లు పెట్టిరి. 1986లో కృష్ణగారి 'సింహాసనము' 70 ఎం.ఎం. తెరతో, ఆరు మార్గముల ధ్వనితో తెలుగువారిని అబ్బురపఱచినది. 1992లో డాల్బీవారి డిజిటల్ ధ్వని సినిమాహాళ్లకు వచ్చి, అనంతరము ఇండ్లలో ప్రవేశించినది. ముందు మూడు, వెనుక రెండు, గంభీరధ్వనికి ఒకటి, వెరసి ఆరు. వీనిలో మధ్య స్పీకరునకు ముఖ్యమైన పని మాటలు పలుకుట.

మా అబ్బాయి ఇట్టి పరికరమును ఇంటికి తెచ్చెను. కొన్ని నెలలకు మా యమ్మ టీవీలో హరికథ వినుచు నాతో నిట్లనెను: "మద్దెల మంచిగనే ఇనొస్తుంది గని మాటే ఇనొస్తలేదు బిడ్డా. నా చెవులు పోయినట్టున్నయి." ఎనుబదియేండ్లు దాటిన మనిషి, మేమును నమ్మితిమి. చెవుల వైద్యునియొద్దకు మిర్యాలగూడకు తీసికొనిపోవ నిశ్చయించితిమి. ఆమె క్రమముగా టీవీ ముందు కూర్చుండుటయే మానివేసెను.

బయలుదేఱవలసిన దినమున నాకు తర్కపాఠములోని అన్వయవ్యతిరేకములు స్ఫురించినవి. కారణమున్నచో కార్యముండుట అన్వయము. కారణము లేనిచో కార్యము లేకుండుట వ్యతిరేకము. పెట్టెలోనే పరీక్షాధ్వని యొకటి కలదు. దానిని మీటగా తక్కినవి వరుసగా బుస్సుమన్నవి, మధ్యది మూగవోయినది. టీవీని విడిచియు దోషము నిలిచినది గనుక దోషము టీవీది కాదు. ప్రతిమాఱును విద్యుత్తు నిలిపి తీగలను మార్చితిని. ఎడమ స్పీకరు తీగను పెట్టెలో మధ్యస్థానమున బిగింపగా ఎడమ స్పీకరు పలికినది. కాన పెట్టె నిర్దోషము. ఆ మంచి తీగనే మధ్య స్పీకరునకు తగిలింపగా అదియు పలికినది, స్పీకరును నిర్దోషమే. మిగిలినది పాత తీగ. అలమారను జరిపి చూడగా ఎలుక దానిని కొఱికియున్నది!

మా పెట్టె మాటలను వేఱుచేసి మధ్య స్పీకరునకు పంపును. వాద్యములు ప్రక్కలనుండి వచ్చును. కావుననే మద్దెల వినబడి మాట వినబడలేదు. మా యమ్మ చెప్పినది అక్షరాల నిజము. ఆమె చెవులు దోషమును కనిపెట్టినవి. మా బుద్ధి వాని సాక్ష్యమును త్రోసివేసినది.

క్రొత్త తీగ వేసితిమి. ఆ సాయంకాలము ఆమె మరల తన పీటమీద కూర్చుండి కథ వినెను. "ఇయ్యాల మంచిగ చెప్తున్నడు" అనెను. ఎలుక సంగతి నేను చెప్పితిని గాని, ఆమె చేయి యెత్తి నన్ను ఊరకుండుమనెను. కథ నడుచుచున్నది గదా!

శ్రోతలారా, యంత్రము నోళ్లు పెరిగినకొలది దాని దోషములు దాగుటకు చోటులును పెరుగును. మీ యింట వృద్ధులు "వినబడుటలేదు" అన్నప్పుడు వారి చెవులను శంకించుటకు ముందు ఒక్కమాఱు తీగలను పరీక్షింపుడు.