జనరల్ చౌధురి: కత్తియు, కలమును

1948 సెప్టెంబరు 17వ తేదీ సాయంకాలము దక్కన్ రేడియోలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కంఠము వినవచ్చెను. పోరు మానుడని తన సైన్యమునకు ఆజ్ఞ యిచ్చినట్లు ఆయన ప్రకటించెను. మరునాడు హైదరాబాదు సేనాపతి ఎల్ ఎద్రూస్, షోలాపూరు దారిని సేనలను నడిపించుకొని వచ్చిన మేజర్ జనరల్ జయంతనాథ చౌధురికి లొంగిపోయెను. సెప్టెంబరు 13న మొదలయిన పోలీసు చర్య అంతటితో ముగిసెను. నలుబదియేండ్ల సేనాని ఒక సంస్థానమునకు సైనిక గవర్నరయ్యెను.

చౌధురి 1908లో వంగదేశీయ కుటుంబమున జన్మించెను. ఇంగ్లాండులోని శాండ్‌హర్‌స్ట్ సైనిక విద్యాలయమున శిక్షణ పొంది, 1928లో సేనలో చేరెను. రెండవ ప్రపంచ యుద్ధమున ఆఫ్రికాలోను, పిదప బర్మాలోను పోరాడెను. అయినను రాజ్యము గెలుచుట వేరు, ఏలుట వేరు. ఆ రెండవ పరీక్ష ఆయనకు హైదరాబాదులో ఎదురయ్యెను.

సురంగల్, మొయినాబాదు, చేవెళ్ళ గ్రామములున్న నగర పరిసర ప్రాంతమునకు ఆనాడు అత్రాఫ్-ఎ-బల్దా యని పేరు. నిజాము సొంత ఖర్చులకై ప్రత్యేకించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ఆ జిల్లాలో విస్తారముగా ఉండెను. 1949 ఫిబ్రవరిలో వెలువడిన ఫర్మానాతో అవి సర్కారు పరిపాలనలో కలిసెను. ఆగష్టు 15న జాగీర్ల రద్దు శాసనము వచ్చెను. ప్రభువు సొత్తుగా ఉన్న ఊరు ప్రభుత్వపు ఊరయ్యెను. రైతు శిస్తు చెల్లించవలసిన గడప మారెను.

అయితే ఈ కథకు మరియొక పార్శ్వము కలదు. రజాకార్ల దౌర్జన్యములకు పల్లెలు తల్లడిల్లిన మాట నిజము. పోలీసు చర్య వెంటనే, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, ముస్లిములపై ఘోరమైన హత్యాకాండ జరిగినదనుటయు నిజమే. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము మృతుల సంఖ్యను తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల వరకు అంచనా వేసెను. కొన్ని చోట్ల సైనికులును, పోలీసులును దోపిడిలో పాలుపంచుకొనిరనియు వ్రాసెను. ఆ నివేదికను ప్రభుత్వము అరువది ఏండ్లకు పైగా ప్రకటింపలేదు. తెలంగాణములో సాయుధులైన రైతులపై సైన్యపు చర్యయు చౌధురి పాలనలోనే సాగెను.

1949 డిసెంబరులో వెల్లోడి ముఖ్యమంత్రిగా పౌరపాలన ఏర్పడెను. చైనా యుద్ధకాలమున, 1962 నవంబరులో, చౌధురి దేశ సైన్యాధిపతి అయ్యెను. 1965 పాకిస్తాను యుద్ధమునకు సారథ్యము వహించి, 1966లో పదవీ విరమణ చేసి, కెనడాలో భారత హైకమిషనరుగా పనిచేసెను. 1983లో మరణించెను.

ఈ సేనానికి కలము పట్టుటయు అలవాటే. సేనలో ఉండగనే ఆయన స్టేట్స్‌మన్ పత్రికకు పేరు లేకుండ సైనిక వ్యాసములు వ్రాసెను. పాఠకులకు విమర్శకుడు ఎవరో తెలియదు. విమర్శకునికి మాత్రము లోపలి సంగతులన్నియు తెలియును! 1978లో ఆయన చెప్పగా మరియొకరు వ్రాసిన ఆత్మకథ వెలువడెను.

పదవియు, పత్రికయు, కలమును ఉన్నవాని మాట నిలుచును. నివేదికలో అణగిపోయినవారి మాట నిలువదు. చౌధురి జీవితమును చదువునపుడు ఆ రెండు మాటలను పక్కపక్కన ఉంచి వినుట చరిత్ర ధర్మము. నిజాము కంఠమును రేడియోలో వినిన తరము దాదాపు వెళ్ళిపోయినది. వారు ఇంటిలో చెప్పిన మాటలు మీకు జ్ఞాపకమున్నచో, పిల్లలకు చెప్పుడు. వీలయినచో ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు.