కారు పెయింట్‌లో దాగిన తాళం కథ

మాది మొగల్తూరు. పేరుపాలెం బీచ్ మా మండలంలోనే, చుట్టూ రొయ్యల చెరువులు. ఈ ఉప్పుగాలికి ఇనుప గేట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో మా వాళ్లని అడగండి. మరి కారు బాడీ అన్నేళ్లు ఎలా తట్టుకుంటోంది? జవాబు దాని అడుగు కోటింగ్‌లో ఉంది. పేరు బ్లాక్డ్ ఐసోసయనేట్.

1937, జర్మనీలోని లెవర్‌కూజెన్. ఒట్టో బేయర్ బృందం ఐసోసయనేట్‌తో పాలీయురేథేన్ తయారుచేసింది. కంపెనీ పేరూ బేయరే, కానీ ఆ కుటుంబంతో ఈయనకి చుట్టరికం లేదు. దాంతో గట్టి పెయింట్లు వచ్చాయి, తలనొప్పీ వచ్చింది. రెండు భాగాలు కలిపిన కొన్ని గంటల్లో వాడకపోతే డబ్బాలోనే గడ్డకడుతుంది. పైగా పీలిస్తే ఆస్తమా తెప్పిస్తుంది.

1940ల్లో కెమిస్టులు దీనికి తాళం వేశారు. ఫినాల్, ఆక్సిమ్, కాప్రోలాక్టమ్ లాంటిది ఐసోసయనేట్‌కి తగిలిస్తే అది నిద్రపోతుంది. వేడే దానికి పాస్‌వర్డ్! సుమారు 130 నుంచి 180 డిగ్రీల్లో తాళం ఊడి, పెయింట్ గట్టిపడుతుంది.

తాళం పడిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో 2270 దగ్గర కనిపించే ఐసోసయనేట్ గీత మాయమవ్వాలి. కాల్చాక పెయింట్ గట్టిపడిందా? సాల్వెంట్‌లో తడిపిన గుడ్డతో ముందుకీ వెనక్కీ రుద్ది చూస్తారు. ఊడి రాకపోతే పాస్.

1970ల నుంచి ఫ్యాక్టరీలు కారు బాడీని పెయింట్ తొట్టెలో ముంచి, కరెంటు పెట్టి, ఓవెన్‌లో కాలుస్తున్నాయి. ఆ తొట్టెలో ఉండేది తాళం వేసిన ఐసోసయనేటే. మన హైదరాబాద్ ఐఐసీటీలోనూ పాలీయురేథేన్ కోటింగ్స్ మీద ఏళ్లుగా పరిశోధన జరిగింది. అక్కడి చటోపాధ్యాయ్, కె.వి.ఎస్.ఎన్. రాజు రాసిన సమీక్ష 2007లో అచ్చయింది.

తాళం లేకపోతే ఏమవుతుందో 1984 డిసెంబర్‌లో భోపాల్ చూసింది. అక్కడ లీకైన మిథైల్ ఐసోసయనేట్ పెయింట్‌లో వాడేది కాదు, కానీ కుటుంబం ఒకటే.

ఇక్కడే అసలు సంగతి. కారుకి డెంట్ పడి షెడ్డుకి తీసుకెళ్తే, టైర్లూ ప్లాస్టిక్కూ ఉన్న బండిని 160 డిగ్రీల్లో కాల్చలేరు కదా. అందుకే అక్కడ కొట్టేది రెండు డబ్బాలు కలిపే పెయింట్. అందులో హార్డెనర్‌కి తాళం ఉండదు. అంటే ఫ్యాక్టరీలో రోబోకి దొరికిన రక్షణ షెడ్డులో పెయింటర్ అన్నయ్యకి లేదు. ముక్కుకి కట్టిన కర్చీఫ్ ఆ ఆవిరిని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్క్ కావాలి.

మీ ఊరి షెడ్డులో ఆయన ముఖానికి ఏముందో ఈసారి చూడండి. ఈ వీడియో ఆయనకే ముందు షేర్ చేయండి. ఉంటానండి!