జీపు నుంచి మారుతి దాకా – పాత సామాను కథ

పెన్షనర్ మిత్రుల ఇళ్ళలో ఇరవయ్యేళ్ళు దాటిన కారు ఒకటి ఉండడం నేడు వింత కాదు. దానికి కొత్త సామాను దొరకనప్పుడు స్క్రాప్ షాపుకు పోక తప్పదు. మన పెనుబల్లి, సత్తుపల్లి ప్రాంతం వారు ఖమ్మం పోతారు. లేకుంటే తిరువూరు, మైలవరం మీదుగా విజయవాడ ఆటోనగర్ చేరుతారు. అక్కడ అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ బండి సామాను ఆ బండికి పడుతుందా? ఈ ప్రశ్నకు ఎనభై ఏళ్ళ చరిత్ర ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం జీపులను విల్లిస్, ఫోర్డ్ అనే రెండు కంపెనీల చేత చేయించింది. ఒకరి జీపు భాగం మరొకరి జీపుకు సరిపోవాలన్నది షరతు. చెడిన జీపులను విప్పి మరొక దాన్ని నడిపించుకోవడానికే ఆ ఏర్పాటు. ఫోర్డ్ వారు తమ భాగాల మీద ఎఫ్ అక్షరం ముద్రించుకున్నా, కొలతలు మాత్రం ఒకటే. 1945లో యుద్ధం ముగిశాక మిగులు సైనిక వాహనాలు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. 1947లో మహీంద్రా వారు విల్లిస్ జీపుల కూర్పు మొదలుపెట్టారు. మన అడవి సరిహద్దు గ్రామాలకు ప్రభుత్వం వచ్చిందంటే జీపు వచ్చినట్లే.

అయితే జీపులన్నీ ఒకటే అనుకున్నవారికి చిక్కులు వచ్చాయి. యుద్ధకాలపు జీపుది 6 వోల్టుల కరెంటు, తరువాతి వాటిది 12 వోల్టులు. కాబట్టి దీని డైనమో దానికి పనికిరాదు. సి.జె. 3బి మోడలు ఇంజను కూడా పాతదానిలాగే 2.2 లీటర్లదే. కానీ లోపలికి గాలి తీసే వాల్వులు హెడ్డులోకి మారడంతో ఇంజను ఎత్తు పెరిగింది, అందుకు తగ్గట్టు బానెట్టూ పెరిగింది. అందుచేత పాత బానెట్టు దానికి కూర్చోదు. తరువాత డీజిల్ ఇంజన్లు వచ్చి తేడాలు ఇంకా పెరిగాయి.

కార్ల సంగతీ అంతే. 1950ల నడుమ జనరల్ మోటార్స్, ఫోర్డ్ మన దేశంలో కూర్పు ఆపివేశాయి. ఆ పైన చాలా ఏళ్ళు అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ ఈ మూడే రాజ్యమేలాయి. మోడళ్ళు తక్కువ కనుక పాత సామాను వెతకడం సులువుగా ఉండేది. అంబాసిడర్ 2014 దాకా ఇంచుమించు ఒకే రూపంతో వచ్చింది. కానీ 1990లలో 1800 సి.సి. ఇసుజు ఇంజనుతో వచ్చినదాని గేరుబాక్సు ఐదు గేర్లది. పాతదానికి నాలుగే. పైరూపం చూసి కొంటే మోసపోవలసిందే.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1986లో దాని బాడీ మారింది. ఇంజను అదే 796 సి.సి. అయినా తలుపులు, అద్దాలు పాతవి కొత్తదానికి పడవు. మారుతి వ్యానుదీ అదే ఇంజను. కానీ కారులో అది అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది, వ్యానులో నిలువుగా ఉండి వెనుక చక్రాలను తిప్పుతుంది. కాబట్టి గేరుబాక్సులు వేరు. ఇంజను ఒకటైనంత మాత్రాన దాని చుట్టూ ఉన్నదంతా ఒకటి కాదు.

కొలతలు కుదిరినా కాగితం కుదరాలి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో కండెమ్ చేసిన జీపును వేలంలో ఒక చిన్న మెకానిక్ పాడుకున్నాడు. ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండి మీద ఉన్నది మరొకటి. ఏనాడో పాత ఇంజను కొని బిగించారు, ఎవరూ నమోదు చేయించలేదు. డబ్బు కట్టిన ఆ మనిషి బండి తన పేరున మారక నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను మార్చితే రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. లేకుంటే దొంగబండి ఇంజను మన ఇంట్లో ఉన్నా మనకు తెలియదు.

కాబట్టి మిత్రులకు నా సూచనలు. షాపుకు పోయేటప్పుడు ఆర్.సి. నకలు, చెడిన పాత భాగం రెండూ వెంట తీసుకుపోవాలి. రెంటినీ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, పళ్ళ లెక్క, షాఫ్టు మందం, పార్టు నంబరు సరిచూడాలి. బండి తయారైన సంవత్సరమే కాదు, నెల కూడా అడగాలి. ఏడాది నడుమ మోడలు మారిన సందర్భాలుంటాయి. సరిపోకపోతే వాపసు తీసుకుంటామని రసీదు మీదనే రాయించుకోవాలి. తలుపు, బంపరు, లైటు పాతవి కొన్నా నష్టం లేదు. బ్రేకు గొట్టాలు, లైనింగులు, స్టీరింగు కీళ్ళు మాత్రం పాతవి వద్దు. అక్కడ మిగిలే నాలుగు వందలు ప్రాణం కన్న ఎక్కువ కావు.

2021లో కేంద్రం వాహనాల తుక్కు కేంద్రాలకు నిబంధనలు చేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను రద్దయింది. మన ఆఫీసు జీపులకూ పదవీ విరమణ వచ్చింది. వాటికి సర్వీసు రిజిస్టరు వంటిదే ఆర్.సి. మన పెన్షను కాగితాలను ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో, దాన్నీ అంత జాగ్రత్తగా చూసుకుందాం.