కరువు పని

మా నెల్లూరు తీరగ్రామాలలో ఉపాధి పనిని "కరువు పని" అని పిలిచేవారు ఇప్పటికీ ఉన్నారు. వానలు బాగా కురిసి చెరువులు నిండిన ఏడాది కూడా దానికి అదే పేరు. చట్టాలు మారాయి, పాలకులు మారారు, కూలి అణాల నుంచి రూపాయలలోకి వచ్చింది. పేరు మాత్రం మారలేదు. మనుషులు మరచిపోయినదానిని కూడా మాటలు మోసుకొస్తాయి కాబోలు! ఈ మాట వెంట నడిచి వెనక్కి వెళితే ఎక్కడ తేలుతామో చూద్దామన్నదే ఈ టపా.

ముందుగా నా సొంత కథ ఒకటి చెప్పుకోవాలి. నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్ళు, చెల్లెలికి రెండు. అమ్మ కుట్టుమిషను మీద రవికెలు కుట్టి మమ్మల్ని సాకింది. ఒక వేసవిలో కుట్టుపని బొత్తిగా సన్నగిల్లి, కాలువ పూడిక తీసే కరువు పనికి వెళ్ళింది. పొద్దున్నే మస్టరు. పేరు పిలిచిన వేళకు మనిషి లేకపోతే ఆనాటి కూలి లేనట్టే. చెల్లెలిని గట్టుమీది చెట్టుకు కట్టిన ఉయ్యాలలో వేసి, నన్ను కాపలా ఉంచేది. పదిహేను రోజులు గడిచేసరికి పెళ్ళిళ్ళ రవికెలు వచ్చిపడ్డాయి. పార పట్టి బొబ్బలెక్కిన వేళ్ళతో సూదిలో దారం ఎక్కించలేక దీపం ముందు కూర్చుని అమ్మ కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తు. రవికెలు ఆలస్యమై, వాడుకగా వచ్చేవాళ్ళు కొందరు మరొకరి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆపైన చెల్లెలికి జ్వరమొచ్చి మూడు రోజులు ఆగిపోతే మస్టరులో పేరు కొట్టేశారు.

"పనికి పోతే మిషను పోతుంది, మిషను పట్టుకుంటే కూలి పోతుంది, రెండూ పట్టుకుంటే బిడ్డలు పోతారు. ఏది పోగొట్టుకోమంటావు వదినా?" అని అమ్మ పక్కింటి ఆవిడను అడిగింది. ఆ ప్రశ్నకు వయసెంతో చరిత్ర పుస్తకాలు తిరగేసేదాకా నాకు తెలియలేదు.

ఆ కాలువ బకింగ్‌హాం కాలువ. 19వ శతాబ్ది తొలి ఏళ్ళలో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన ఉప్పునీటి కాలువ దీనికి మొదలు. తరువాత ప్రభుత్వం దానిని తీసుకుని పులికాట్ సరస్సు మీదుగా, కృష్ణపట్నం పక్కగా, పెన్న దాటించి పెదగంజాం దాకా పొడిగించింది. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. ఉప్పు, ధాన్యం, శ్రీహరికోట కట్టెలు పడవలకెక్కి మద్రాసు చేరినది దీనిమీదనే. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు కొన్నిచోట్ల నీటి ఉద్ధృతిని తనలోకి తీసుకుని ఊళ్ళను కాచినదీ ఇదే.

అయితే ఈ కాలువలో నీటితోపాటు మరొకటి కూడా ఉంది. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం గనుక మనవాళ్ళు దానిని ధాత కరువన్నారు. 1878 దాకా మద్రాసు రాజధానిని పీడించిన ఆ కరువు నెల్లూరు జిల్లానూ వదలలేదు. తరువాత వేసిన కమిషను అంచనా ప్రకారం బ్రిటిషు పాలనలోని ప్రాంతాలలో 50 లక్షల మందికి పైగా చనిపోయారు. ఆకలిగొన్నవారికి పని చూపడానికి ఎన్నుకున్న పనులలో ఈ కాలువ ఒకటి. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల భాగం 1877-78లో ఇలాగే కరువు కూలీల చేత తవ్వించినది.

పని పెట్టడం దయగానే కనిపిస్తుంది. కానీ ఆనాటి పాలకుల దృష్టిలో అది దయ కంటె ఎక్కువగా పరీక్ష. నిజంగా ఆకలిగా ఉన్నవాడెవడు, ఊరికే చేయి చాచేవాడెవడు అని తేల్చడానికి కష్టమైన పని, తక్కువ కూలి కొలబద్దలు. ఈ ఆలోచన మన నేలలో పుట్టింది కాదు. 1834లో ఇంగ్లండు తన పేదల చట్టాన్ని సవరించి, సాయం కావలసినవాడు పనిగృహంలో చేరాలని, అక్కడి బతుకు బయటి కూలివాడి బతుకు కంటె హీనంగా ఉండాలని నియమం పెట్టింది. ఆ నియమమే ఓడెక్కి మన తీరానికి వచ్చింది.

1877 జనవరిలో కలకత్తా ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునన్నాడు. ఆడవారికి, పిల్లలకు అంతకంటె తక్కువ. రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. కూలికి తోడు దూరపు పరీక్ష మరొకటి. పని ఇంటికి పది మైళ్ళ దూరాన ఉంటే నిజంగా గతిలేనివాడే వస్తాడన్నది దాని తర్కం. చంకలో బిడ్డ, ఇంట్లో మంచం పట్టిన ముసలి అత్త ఉన్న ఒంటరి ఆడమనిషి ఆ పది మైళ్ళు ఎలా నడుస్తుందో ఆ తర్కానికి పట్టలేదు.

ఇక్కడ ఇంకొక ముచ్చట చెప్పాలి. పూర్వం మగదిక్కు లేని స్త్రీకి ఇల్లు కదలకుండా బతుకునిచ్చినది రాట్నం. నూలు వడుకుతూ కాలితో ఉయ్యాల ఊపవచ్చు. బిడ్డ ఏడిస్తే ఆపవచ్చు, పడుకుంటే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. లాంకషైరు మిల్లు నూలు వచ్చి ఆ రాట్నాన్ని అటకెక్కించింది. కరువు వచ్చేనాటికి ఆమెకు మిగిలినది పార, తట్ట. అంటే బిడ్డ పెంపకంతో పొందిన పని ముందే పోయింది, పొందని పని మాత్రం ప్రభుత్వం చూపించింది.

1880లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన నివేదిక ఇచ్చిన కరువు కమిషను, దాని వెంట వచ్చిన కరువు నియమావళులు కొంత పాఠం నేర్చుకున్నాయి. పనిచేయగలవారికి పని అన్నారు. పనిచేయలేనివారికి, ఇంట్లో రోగులనో పసిబిడ్డలనో విడిచి రాలేనివారికి ఊళ్ళోనే ఉచితంగా సాయం అన్నారు. నేతగాళ్ళను మట్టిపనికి పంపితే వేళ్ళు మొద్దుబారి వృత్తి చెడుతుంది గనుక వారికి మగ్గం మీదనే పని కల్పించవచ్చునన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఇది చిన్న మార్పు కాదు. మనిషికి వృత్తి ఉంటుందనీ, ఇల్లు ఉంటుందనీ ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నది.

కానీ ఆ తలుపులు మూడూ వేరువేరు. మగ్గమూ ఉండి, పసిబిడ్డా ఉండి, సగం రోజు మాత్రమే పనిచేయగల మనిషి ఏ తలుపు తట్టాలి? ఆమె పూర్తి కూలీ కాదు, పూర్తి అశక్తురాలూ కాదు. నూరేళ్ళ తరువాత మా అమ్మ నిలబడినది ఆ తలుపుల మధ్యనున్న గోడ దగ్గరే.

ఈ గోడను పగలగొట్టే ప్రయత్నాలు మా జిల్లాలో జరగకపోలేదు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పల్లెపాడు పినాకినీ సత్యాగ్రహాశ్రమం, పొణకా కనకమ్మ గారు స్థలమిచ్చినది, రాట్నాన్ని అటక మీదనుంచి దించిన చోటు. 1990ల మొదట్లో దూబగుంట ఆడవారు అక్షరం నేర్చి సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటికీ పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే రోజుకొక రూపాయి దాచే పొదుపు సంఘాలు వెలిశాయి. కుట్టుమిషనుకో, గేదెకో, చేపల గంపకో అప్పు పుట్టింది. సొంత పనికి ఊపిరి వచ్చింది.

2005 నాటి ఉపాధి హామీ చట్టం మా జిల్లాకు 2007లో చేరింది. అందులో నన్ను కదిలించినవి రెండు అంశాలు. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపల ఉండాలి, మించితే పది శాతం అదనపు కూలి ఇవ్వాలి. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ వస్తే వారిని చూడటానికి ఒక మనిషిని పెట్టాలి. టెంపుల్ పది మైళ్ళను, మా చెల్లెలి ఉయ్యాలను తలచుకుని ఆ వాక్యాలు రెండుసార్లు చదువుకున్నాను. మన రాష్ట్రంలో కూలిని చేసిన పని కొలతను బట్టి ఇవ్వడం వల్ల, పెందలాడే పని ముగించి ఇల్లు చేరే వీలూ కొంత ఉండేది. అయితే 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫోనులో ఫొటో తీసి హాజరు పంపడం తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లను ఆపడానికేనన్నారు, నిజమే. కానీ తెల్లవారుజామున రేవులో చేపలు కొని, ఊళ్ళు తిరిగి అమ్మి, ఆపైన పనికి వచ్చే తల్లి మొదటి ఫొటోలో లేదు. బడి వదిలే వేళకు వెళ్ళవలసిన తల్లి రెండవ ఫొటోలో ఉండదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొకటి ఆమోదించి, పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది. దినాలు పెరిగాయి, సంతోషమే. ఆ దినాన్ని ముక్కలుగా కోసుకుని బతికే మనిషి సంగతి?

ఒంటరి మహిళలకు మన రాష్ట్రంలో పింఛను వచ్చింది, 2024 జులైలో అది 4,000 రూపాయలైంది. పని చూపమని అడగని సాయం అది. అందుకని దానిని సోమరితనానికి మందు కాదనేవారు ఉన్నారు. వారితో నాకు పేచీ లేదు, ఒక్క మనవి మాత్రం ఉంది. బిడ్డను పెంచడం పని కాదని మస్టరు రాసిన వాడికి ఎవరు చెప్పారు? ఆ వేసవిలో మా అమ్మ చేసిన మూడు పనులలో ఒక్కదానికే కూలి వచ్చింది, దానికోసం రెండవది పోయింది, మూడవదాన్ని ఎవరూ పనిగా లెక్కే వేయలేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు కాలువ గట్టున కాసేపు కూర్చున్నాను. చాలాచోట్ల పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. ఇందులో ఏ బారెడు మేర ఏ తల్లి తవ్వినదో ఏ దస్త్రంలోనూ లేదు. అమ్మ కుట్టుమిషను మాత్రం ఇంకా మా ఇంట్లో ఉంది. తిరుగుతుంది కూడా. మీ ఊళ్ళలో "కరువు పని"కి వేరే పేర్లేమైనా ఉన్నా, మీ పెద్దలు చెప్పిన కథలున్నా తెలియజేయగలరు.