నిండు గర్భంతో కొత్త నేలకు: మేఫ్లవర్ ఓడలో ముగ్గురు తల్లులు



ఆదికాండము 35వ అధ్యాయంలో రాహేలు మరణం మనందరికీ తెలిసిన సంగతే. యాకోబు కుటుంబం బేతేలు నుండి కదిలింది. ఎఫ్రాతా ఇంకా కొంత దూరం ఉండగానే రాహేలుకు నొప్పులు వచ్చాయి. కాన్పు కష్టమైంది. పక్కనున్న మంత్రసాని ధైర్యం చెప్పింది. బిడ్డ దక్కాడు గాని తల్లి దక్కలేదు. యాకోబు ఆమెను ఆ దారి పక్కనే సమాధి చేసి రాయి నిలబెట్టి, మళ్లీ డేరాలు ఎత్తుకొని ముందుకు సాగాడు. మరియ తల్లి కూడా నిండు నెలలతో నజరేతు విడిచి బేత్లెహేముకు వెళ్లవలసి వచ్చింది.

నిండు చూలాలు ఇల్లు మారకూడదు, ఏరు దాటకూడదు అని మన పెద్దలు అంటారు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్లే ఆచారం మనది. ఆ మాటల్లో భయం ఉంటే ఉండవచ్చు, అనుభవం కూడా ఉంది. అయితే ఆ నెలల్లో ఇల్లు కదలకుండా ఉండే అవకాశం అందరికీ దొరకదు. ఈ రోజు మనం చరిత్రలో 400 ఏళ్లు వెనక్కి వెళ్లి, అలా కదిలి వెళ్లిన ముగ్గురు తల్లుల సంగతి ధ్యానిద్దాం.

ఆలస్యమైన ప్రయాణం

ఇంగ్లండులో రాజు ఆధీనంలో ఉన్న సంఘంతో కలిసి ఆరాధించలేక కొందరు విశ్వాసులు 1608 ప్రాంతంలో హాలెండుకు వెళ్లిపోయారు. 1609 నుండి లైడెన్ పట్టణంలో ఉన్నారు. అక్కడ ఆరాధనకు అడ్డు లేదు. కాని బతుకు కష్టం. రోజంతా ఒళ్లు హూనమయ్యే పని, పిల్లలు పరాయి పద్ధతుల్లో పెరుగుతున్నారన్న దిగులు. చివరికి సముద్రం దాటి అమెరికా వెళ్లాలని తీర్మానించుకున్నారు. వారి పాస్టరు జాన్ రాబిన్‌సన్ వెళ్లలేకపోయాడు. సంఘంలో ఎక్కువమంది వెనకే ఉండిపోవడంతో ఆయన వారితో లైడెన్‌లో ఆగిపోయాడు. 1625లో అక్కడే మరణించాడు. ఓడలో పెద్దగా వెళ్లినవాడు విలియం బ్రూస్టర్.

1620 జూలైలో లైడెన్ నుండి బయలుదేరారు. రెండు ఓడలు అనుకున్నారు, మేఫ్లవర్, స్పీడ్‌వెల్. ఆగస్టు 5న సౌతాంప్టన్ నుండి కదిలారు. స్పీడ్‌వెల్‌కు నీళ్లు కారడంతో ఒకసారి డార్ట్‌మత్‌కు, మళ్లీ బయలుదేరాక ఇంకోసారి ప్లిమత్‌కు వెనక్కి వచ్చారు. ఆ ఓడను వదిలేసి, ఒక్క మేఫ్లవర్‌లోనే 102 మంది సర్దుకొని సెప్టెంబరు 6న బయలుదేరారు. (ఈ తేదీలన్నీ అప్పటి ఇంగ్లండు పంచాంగం ప్రకారం.)

ఈ ఆలస్యం గర్భిణులకు ఎంత భారమైందో ఒకసారి లెక్క వేయండి. ఓడలో ముగ్గురు స్త్రీలు నిండు నెలలకు దగ్గరపడుతున్నారు. స్టీఫెన్ హాప్‌కిన్స్ భార్య ఎలిజబెత్, విలియం వైట్ భార్య సుసన్నా, ఐజక్ అలర్టన్ భార్య మేరీ. ఆగస్టులో బయలుదేరిన ప్రయాణం ఆగకుండా సాగి ఉంటే అక్టోబరులో నేల మీద కాలు పెట్టేవారు. నెల రోజులు ఓడ మరమ్మతుల్లోనే పోయాయి. తెచ్చుకున్న తిండి కొంత రేవులోనే తిన్నారు. గర్భం మాత్రం ఆగదు కదా, దాని నెలలు అది లెక్కపెట్టుకుంటూనే ఉంది.

సముద్రం మీద ఒక బిడ్డ

ఓడ ప్రయాణం 66 రోజులు పట్టింది. జనమంతా పై అంతస్తుకూ సరుకుల గదికీ మధ్య ఉన్న ఇరుకు అంతస్తులో పడుకునేవారు. అక్కడ పొడుగువాళ్లు తల వంచుకొని నడవాలి. గాలి లేదు, వెలుతురు లేదు, వాంతుల వాసన, తడి బట్టలు. ఒక తుఫానులో ఓడ నడిమి దూలం పగులు ఇచ్చింది. హాలెండు నుండి తెచ్చుకున్న పెద్ద ఇనుప స్క్రూతో దాన్ని పైకి ఎత్తి నిలబెట్టారు.

ఆ అంతస్తులోనే ఎలిజబెత్ హాప్‌కిన్స్‌కు నొప్పులు వచ్చాయి. నడి సముద్రంలో కొడుకు పుట్టాడు. మహాసముద్రం పేరు కలిసేలా ఓషియానస్ అని పేరు పెట్టారు. తల్లి బతికింది. ఆ బిడ్డ కూడా ఒడ్డు చేరాడు గాని, ఎక్కువ ఏళ్లు బతకలేదు. 1627లో పశువులను పంచుకున్నప్పుడు రాసిన కుటుంబాల జాబితాలో అతని పేరు లేదు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. 66 రోజుల సముద్ర ప్రయాణంలో ఆ 102 మందిలో చనిపోయింది ఒక్కడే, విలియం బటన్ అనే యువ సేవకుడు. అంత తుఫానులో, అంత ఇరుకులో, ఒకే ఒక్కడు! దేవుడు కాపాడాడని వారు స్తుతించారు. అసలు మరణం నేల చేరిన తర్వాత మొదలైంది.

చేరారు, కాని ఇల్లు లేదు

నవంబరు 11న కేప్ కాడ్ దగ్గర లంగరు వేశారు. 13వ తేదీ సోమవారం స్త్రీలు ఒడ్డుకు దిగి చేసిన మొదటి పని బట్టలు ఉతుక్కోవడం. రెండు నెలల మురికి మరి! మగవాళ్లు ఇళ్లు కట్టే చోటు వెతకడానికి చిన్న పడవలో తిరుగుతున్నారు. వారు తిరుగుతుండగా నవంబరు నెలాఖరులో, లంగరు వేసిన ఓడలోనే సుసన్నా వైట్‌కు కొడుకు పుట్టాడు. పెరెగ్రీన్ అని పేరు పెట్టారు. యాత్రికుడు అని దాని అర్థం. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చదువుకున్నవారికి ఆ పేరు ఎక్కడి నుండి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ కుటుంబం తెచ్చుకుందని తరతరాలుగా చెప్పుకుంటున్న తొట్టెల ఒకటి, బుట్టలా అల్లినది, ఇప్పటికీ ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలో ఉంది.

డిసెంబరు 16న ఓడ ప్లిమత్ రేవుకు మారింది. 22వ తేదీ శుక్రవారం. ముందు రోజు మొదలైన తుఫాను ఇంకా తగ్గలేదు. ఓడలోని వారు ఒడ్డుకు పోలేరు, ఒడ్డున ఉన్నవారు ఓడకు రాలేరు. ఆ ఉదయం మేరీ అలర్టన్ ప్రసవించింది. మగబిడ్డ, ప్రాణం లేదు. వారే 1622లో అచ్చు వేయించిన వృత్తాంతంలో ఈ సంగతి ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఆ తర్వాతి మాట చెట్లు నరకడం గురించి, కలప మోయడం గురించి.

మొదటి ఇంటి పని మొదలైంది డిసెంబరు 25న. అది అందరికీ కలిపి ఒకే ఇల్లు. జనవరి 14న దాని పైకప్పుకు నిప్పు అంటుకుంది. చాలామంది స్త్రీలు, పిల్లలు చలికాలమంతా చెమ్మ పట్టిన ఓడలోనే ఉన్నారు. చివరివారు నేల మీదికి దిగింది 1621 మార్చి 21న. అప్పటికి జ్వరాలు, దగ్గులు, చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారే జబ్బు జనాన్ని తుడిచిపెట్టాయి. ఫిబ్రవరి 21న విలియం వైట్ చనిపోయాడు. ఒడిలో మూడు నెలలు నిండని బిడ్డతో, పక్కన అయిదేళ్ల కొడుకుతో సుసన్నా విధవరాలైంది. నాలుగు రోజుల తర్వాత, ఫిబ్రవరి 25న, మేరీ అలర్టన్ కన్నుమూసింది. ముగ్గురు చిన్నపిల్లలు తల్లి లేనివారయ్యారు.

వచ్చినవారిలో సగం మంది ఆ మొదటి ఏడాదిలోనే పోయారు. పెళ్లయిన ఆడవారు 18 మంది వస్తే, శరదృతువులో కోతల పండుగ నాటికి మిగిలింది నలుగురే. ఎలిజబెత్, సుసన్నా ఆ నలుగురిలో ఉన్నారు.

మంచం పక్కన నిలబడినవారు

ఆ కాలనీకి గవర్నరుగా పనిచేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ తన చరిత్రలో ఒక సంగతి రాశాడు. జబ్బు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆరోగ్యంగా ఉన్నవారు ఆరేడుగురే. వారు రాత్రింబగళ్లు కట్టెలు తెచ్చారు, నిప్పు వేశారు, వండి తినిపించారు, పక్కలు సర్దారు, చూడడానికే కష్టమైన మురికి బట్టలు ఉతికారు. వారిలో సంఘ పెద్ద బ్రూస్టర్ ఒకడు, సైనికుడైన మైల్స్ స్టాండిష్ ఇంకొకడు. వాక్యం చెప్పే చేతులతోనే మురికి గుడ్డలు ఉతికాడు ఆ పెద్ద. వారు జబ్బుపడలేదని బ్రాడ్‌ఫర్డ్ దేవుణ్ణి స్తుతించాడు.

ఇంకొక మనిషిని కూడా మరచిపోకూడదు. వారు ఇళ్లు కట్టుకున్న చోటు ఖాళీ నేల కాదు. అది పటుక్సెట్ అనే వాంపనోగ్ ప్రజల ఊరు. 1616 నుండి 1619 వరకు వచ్చిన తెగుళ్లు ఆ ఊరిని ఖాళీ చేశాయి. ఆ ఊరివాడు టిస్క్వాంటమ్‌ను అంతకుముందే, 1614లో, ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్‌లో బానిసగా అమ్మజూపాడు. అతడు ఎలాగో తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు, జనం లేరు. 1621 వసంతంలో వచ్చి, మొక్కజొన్న ఎలా నాటాలో ఈ కొత్తవారికి నేర్పింది అతడే. ఇల్లు పోయినవాడు ఇల్లు లేనివారికి దారి చూపాడు.

1621 మే 12న సుసన్నా, అంతకుముందే భార్యను పోగొట్టుకున్న ఎడ్వర్డ్ విన్‌స్లోను పెళ్లాడింది. ఆ కాలనీలో అది మొదటి పెళ్లి. ఓడలో పుట్టిన పెరెగ్రీన్ 1704 వరకు, 83 ఏళ్లు బతికాడు. మేరీ అలర్టన్ వదిలి వెళ్లిన చిన్న కూతురు, తల్లి పేరే పెట్టుకున్న మేరీ, 1699 వరకు బతికింది. మేఫ్లవర్‌లో వచ్చినవారిలో చివరిగా మిగిలింది ఆమే. అంటే తల్లి లేని ఆ బిడ్డను ఎవరో ఒళ్లో పెట్టుకున్నారు, అన్నం పెట్టారు.

మనకు పాఠం

ప్రియులారా, ఈ చరిత్రను మనం సాధారణంగా ప్రయాణపు విశ్వాసం కోసం చెప్పుకుంటాం. అది మంచిదే. కాని ఆ తల్లులకు గండం సముద్రం మీద కాదు, చేరిన చోట సిద్ధమైన ఇల్లు లేకపోవడంలో వచ్చింది. ప్రయాణం ముగిసింది అనుకున్న రోజే వారికి అసలు సహాయం కావలసిన రోజు.

మన ఊళ్లకు ప్రతి ఏటా మిరప కోతలకు, ఇటుక బట్టీలకు దూర జిల్లాల నుండి, ఒడిశా నుండి కుటుంబాలు వస్తాయి. వారిలో నెలలు నిండినవారు కూడా ఉంటారు. భర్త ఉద్యోగం మారి కొత్త ఊరిలో అద్దె ఇంట్లో దిగిన కోడళ్లు ఉంటారు. వారి కోసం ప్రార్థన చేద్దాం, చేసి ఊరుకోవద్దు. మన సంఘంలోని అక్కలు వెళ్లి పలకరించాలి. ఆశా కార్యకర్త ఎవరో, అంగన్‌వాడీ ఎక్కడో చూపించాలి. ఆస్పత్రి కార్డు దగ్గర ఉందా అని అడగాలి. రాత్రివేళ నొప్పులు వస్తే 108కి ఫోన్ చేయడానికి, తోడు వెళ్లడానికి ఒక మనిషి పేరు ముందే అనుకొని ఉంచాలి. కాన్పు అయ్యాక మొదటి పది రోజులు వేడినీళ్లు, పథ్యం అన్నం ఎవరు ఇస్తారో వంతులు వేసుకోవాలి. తమ్ముళ్లూ, ఇది ఆడవారి పనే అనుకోకండి. కట్టెలు మోసి, బట్టలు ఉతికిన ఆ సంఘ పెద్దను గుర్తుపెట్టుకోండి.

రాహేలు పక్కన కనీసం ఒక మంత్రసాని ఉంది. మన ఊరికి వచ్చిన ఏ తల్లికీ పక్కన మనిషి లేని రాత్రి రాకుండా దేవుడు మనకు మెలకువ గల మనసు ఇచ్చును గాక. ఆమేన్.