మెండోసా కాలువల మీద మాల్బెక్

అర్జెంటీనా అనగానే మనవాళ్ళకు మారడోనా, మెస్సీ గుర్తొస్తారు. నేనుంటున్న మెండోసాలో మాత్రం నలుగురు కలిస్తే మాట నీళ్ళ మీదికీ, ద్రాక్ష మీదికీ మళ్ళుతుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఎడారి ఇది. ఆండీస్ కొండల మీద మంచు కరిగి నదుల్లోకి దిగితేనే ఇక్కడ పచ్చదనం. అందుకే ఈ దేశపు ఎర్ర వైన్ మాల్బెక్ కథ అవనిగడ్డ, గుడివాడ రైతుకు ఇట్టే తలకెక్కుతుందని నా నమ్మకం.

1561లో స్పెయిన్ వాళ్ళు ఈ ఊరు కట్టేనాటికే హువార్పే ఆదివాసులు నదుల నుంచి కాలువలు తీసి పంటలు పండించుకుంటున్నారు. 1884లో మెండోసా రాష్ట్రం నీటి చట్టం చేసింది. నీటి హక్కు భూమిని అంటిపెట్టుకునే ఉండాలి, విడదీసి అమ్ముకోవడానికి వీల్లేదు. మన లస్కరులాగే ఇక్కడా తలుపులెత్తే మనిషి ఉంటాడు, అతన్ని తొమేరో అంటారు. వంతు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే పార పట్టుకుని బోదె దగ్గర నిలబడాలి. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే నీళ్ళ కోసం శివారున కళ్ళు కాయలు కాచేలా చూసిన ఇంట్లో పుట్టాను. ఈ దేశంలో నాకు ముందుగా అర్థమైంది వాళ్ళ భాష కాదు, ఈ వంతులే.

మాల్బెక్ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్స్ నైరుతి దిక్కునున్న కావోర్ ప్రాంతం. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్న రోజుల్లో, 1853 ఏప్రిల్ 17న, మెండోసాలో వ్యవసాయ పాఠశాల పెట్టాలన్న ప్రతిపాదన శాసనసభ ముందుకు వచ్చింది. దాని వెనకున్నది తర్వాత దేశాధ్యక్షుడైన సార్మియెంతో. పాఠశాలను నడపడానికి చిలీ నుంచి మిషెల్ ఎమే పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన తెచ్చిన తీగల్లో మాల్బెక్ ఒకటి. ఆ ఏప్రిల్ 17నే ఇప్పుడు ప్రపంచ మాల్బెక్ దినంగా జరుపుకుంటున్నారు.

1861 మార్చి 20న భూకంపం మెండోసాను నేలమట్టం చేసింది. మూడేళ్ళు తిరిగేసరికి, 1864 నవంబరు 1న, బందరు మీద ఉప్పెన పడి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. బందరు రేవు మళ్ళీ పూర్వపు దశకు రాలేదు. మెండోసా వాళ్ళు మాత్రం వెడల్పాటి వీధులు వేసి, వీధుల వెంబడి కాలువలు తవ్వి, వాటి గట్టున చెట్లు పెంచారు. ఎండాకాలం ఆ నీడన నడిచినప్పుడల్లా మన బందరుకీ ఇలాంటి రెండో పుట్టుక దక్కి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

1885లో బ్యూనస్ ఎయిరీస్ నుంచి రైలు వచ్చాక ఇటలీ, స్పెయిన్ పల్లెల జనం తండోపతండాలుగా దిగారు. అలా వచ్చిన ఇటలీవాడు నికోలా కతేనా. 1902లో మాల్బెక్ నాటాడు. మూడో తరానికి మాల్బెక్ దశ తిరగబడింది. 1960ల్లో 50 వేల హెక్టార్లు దాటిన తోటలు 1990 నాటికి పదివేల చిల్లరకు పడిపోయాయి. చవక వైన్‌కి పనికొచ్చే రకాలు వేసుకోవడానికి జనం మాల్బెక్ తీగలు పీకేశారు. మనవడు నికోలాస్ కతేనా సపాతా ఆర్థికశాస్త్రవేత్త. కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పి తిరిగొచ్చాక, 1992లో గువల్తయారీలో దాదాపు 1,450 మీటర్ల ఎత్తున ఆద్రియాన్నా తోట వేశాడు. ఎత్తున ఎండ తీక్షణం, రాత్రులు చల్లన. పండు తోలు మందమవుతుంది, పులుపు చావదు.

మన దగ్గర మినుము నూర్పిళ్ళు జరిగే మార్చిలో ఇక్కడ ద్రాక్ష కోతలు. ఆ సందడిలో కతేనా ఇంటి వైన్లు మూడు పక్కపక్కన పెట్టుకుని రుచి చూశాను. మొదటిది నాలుగు తోటల పండు కలిపిన మామూలు కతేనా మాల్బెక్. గ్లాసు వంచితే అంచున నేరేడు పండు రంగు, నోట్లో మెత్తగా దిగుతుంది. ఇరవైకి 15 వేశాను. చేపల పులుసుకు పనికిరాదు, మాంసం వేపుడుకు బాగా కుదురుతుంది.

రెండోది ఆద్రియాన్నా తోటలోని రివర్ స్టోన్స్ మడిది, ఖరీదు చాలా ఎక్కువ. అది పాత ఏటి అడుగు. తీగ కింద సున్నం పట్టిన గుండ్రాళ్ళు. కాలువ ఎక్కని ఎత్తు కాబట్టి నీళ్ళు డ్రిప్ మీదే. వాసన పూలది, రుచి నిటారుగా, కటువుగా ఉంది. 17.

మూడోది మాల్బెక్ అర్జెంతీనో. లేబుల్ మీద నలుగురు ఆడవాళ్ళు: మాల్బెక్ పుట్టింటికి గుర్తుగా అక్విటేన్ పాలకురాలు ఎలినోర్, ఓడెక్కి వచ్చిన వలస స్త్రీ, ఐరోపా తోటల్ని నాశనం చేసిన ఫిలాక్సెరా పురుగుకు మనిషి రూపం, చివరగా ఆ ఇంటి కూతురు ఆద్రియాన్నా. ఇందులో లుంలుంతాలోని ఆన్హెలికా తోట ముసలి తీగల పండు ఉంటుంది. ఆ లుంలుంతా మెండోసా నది కాలువల మీద బతికిన నేల. మొదటి గుక్కలో పండు, తర్వాత మిరియాల ఘాటు. మింగాక కూడా రుచి చాలాసేపు నిలిచింది. దానికి 19 వేశాను. మీకు మాల్బెక్ సీసా దొరికితే వైనరీ పేరుతో ఆగకండి, వెనక తిప్పి ఏ తోట పండో చూసి కొనండి. పాత కాలువ కింద పండిన ముసలి తీగలకే నా ఓటు.